గల్లాపెట్టె మార్చేముందు...

సాయంత్రం బేరం ముగిసింది. పళ్ళాల్లో పొద్దున పెట్టిన సరుకెంత, మిగిలిందెంత అని చూసుకుని, ఇవాళ ఇంత రావాలి అని మనసులో ఒక లెక్క వేసుకున్నారు. గల్లాపెట్టె తీసి చూస్తే మూడొందలు తక్కువ. రెండోసారి లెక్కపెట్టినా అంతే. అప్పుడు మీ చూపు ఎవరి మీదికి పోతుంది? నిజం చెప్పండి, కౌంటరు దగ్గర నిలబడే అమ్మాయి మీదికే కదూ!

గోదావరి జిల్లాలో మాకు తెలిసిన ఒకావిడ ఇంటి ముందుగదిలోనే పిండివంటల కొట్టు నడుపుతున్నారు. అరిసెలు, సున్నుండలు, జంతికలు, కారప్పొడి, ఆవకాయ... చేతి రుచికి మంచి పేరొచ్చింది. సాయానికి పెట్టుకున్న అమ్మాయి నాలుగేళ్ళుగా నమ్మకంగా పనిచేస్తోంది. కానీ రోజూ లెక్క తేలడం లేదు. ఒకరోజు ఆవిడ ఉండబట్టలేక, "ఇవాళంతా గల్లా దగ్గర నువ్వే ఉన్నావు కదమ్మా!" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. "వస్తాను పిన్నిగారూ" అని ఆ అమ్మాయి తలొంచుకుని వెళ్ళిపోయింది. మర్నాడు పనికి రాలేదు.

ఆ తర్వాత వాళ్ళబ్బాయి కొట్లో బిల్లింగ్ మిషను పెట్టించాడు. రెండు నెలలు తిరిగేసరికి అసలు సంగతి బయటపడింది. ఆ డబ్బు ఎవరూ తీయలేదు! ఎక్కడికి పోయిందో తర్వాత చెబుతాను. ముందు ఈ మిషను సంగతి చూద్దాం.

గంట మోగిన పెట్టె

గల్లాపెట్టె మీద అనుమానం మన ఊళ్ళో పుట్టింది కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ పట్టణంలో జేమ్స్ రిటీ అనే ఆయనకు ఒక సారాయి దుకాణం ఉండేది. బేరం బాగానే సాగుతున్నా చేతికి లాభం వచ్చేది కాదు. ఒకసారి ఓడలో ప్రయాణిస్తుంటే, ఓడ చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టే పరికరం ఆయన కంటబడింది. అమ్మకాలను కూడా ఇలాగే లెక్కపెట్టవచ్చు కదా అనిపించింది. సోదరుడితో కలిసి తయారుచేసిన యంత్రానికి 1879లో పేటెంటు తీసుకున్నాడు. సొరుగు, గంట తర్వాత వచ్చి చేరాయి. సొరుగు తెరిస్తే చాలు, గంట మోగి యజమానికి వినిపించేది.

ఇప్పుడు మన చిన్న కొట్లలోకి కూడా వస్తున్న పాయింట్ ఆఫ్ సేల్ మిషను దాని మనవరాలే. అమ్మిన ప్రతి వస్తువునూ రాసుకోవడం, బిల్లు ఇవ్వడం, సరుకు నిల్వలోంచి తగ్గించడం, నగదెంతో ఫోన్లో వచ్చిందెంతో వేరుచేసి చూపడం దాని పనులు.

మీకు ఏది సరిపోతుంది?

మూడు రకాలున్నాయి. రోజుకు ముప్ఫై నలభై బిల్లుల బేరమైతే, మీ చేతిలో ఉన్న ఫోనులోనే బిల్లింగ్ యాప్ వేసుకుని, పక్కన 2 అంగుళాల బ్లూటూత్ ప్రింటరు పెట్టుకుంటే చాలు. రెండవది, తెరా ప్రింటరూ కలిసే ఉన్న చేతి మిషను. మూడవది, కంప్యూటరు, బార్‌కోడ్ స్కానరు, 3 అంగుళాల ప్రింటరు, డబ్బు సొరుగు అన్నీ విడివిడిగా ఉండే పెద్ద ఏర్పాటు. ఇందులో సొరుగును ప్రింటరుకు వైరుతో కలుపుతారు. బిల్లు వచ్చినప్పుడు అదే తెరుచుకుంటుంది. వందల రకాల సరుకున్న కిరాణా, ఫ్యాన్సీ కొట్లకు ఇది నప్పుతుంది.

పక్క కొట్టువాళ్ళు పెద్దది పెట్టారని మనమూ పెట్టనక్కర్లేదు. ముందు చిన్నదానితో మొదలుపెట్టి, చెయ్యి తిరిగాక పెంచుకోవచ్చు.

మిషనుకన్నా ముందు పట్టిక

చాలామంది మిషను కొన్న రోజే బిల్లులు మొదలుపెడదామనుకుంటారు. అక్కడే చిక్కొస్తుంది. మీరు చెప్పనిది మిషనుకు తెలియదు. జంతికలు కేజీ ఎంతో, నువ్వుల ఉండలు కేజీ లెక్కనా డజను లెక్కనా అమ్ముతారో మీరే చెప్పాలి. కాబట్టి ముందు ఒక నోటుబుక్కు తీసుకుని సరుకుల పట్టిక రాయండి. పేరు, కొలత, కొన్న ధర లేదా తయారీ ఖర్చు, అమ్మే ధర, ఇవాళ ఉన్న నిల్వ. ఒకే సరుకుకు రెండు పేర్లు పెట్టకండి. ఒకచోట కందిపొడి, ఇంకోచోట కంది కారం అని రాస్తే మిషను వాటిని రెండు సరుకులుగా లెక్కేస్తుంది.

ఈ పనికి ఆషాఢ మాసం బాగుంటుంది. పెళ్ళిళ్ళుండవు, పిండివంటల బేరం పలచగా ఉంటుంది. ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టకూడదంటారా? సరే, పట్టిక ఆషాఢంలో రాసుకోండి, మిషనుకు బొట్టు శ్రావణంలో పెట్టండి. సంక్రాంతి రద్దీలో మాత్రం ఈ మార్పు పెట్టుకోవద్దు. మొదటి పదిహేను రోజులు పాత నోటుబుక్కు, కొత్త మిషను రెండూ నడపండి. రెండింటి లెక్కా కలిశాకే నోటుబుక్కు పక్కన పెట్టండి.

కంపెనీ సరుకుల మీద ఉండే 13 అంకెల బార్‌కోడ్‌ను స్కానరు చదువుతుంది. మొదట 890 అని ఉంటే, ఆ కంపెనీ ఆ నంబరును మన దేశంలో తీసుకుందని అర్థం. సరుకు ఇక్కడే తయారైందని దానితో చెప్పలేం. మీరు ఇంట్లో చేసే పొడులకు, మీ కొట్లోనే అమ్మితే, మీరే ఒక కోడ్ ఇచ్చి చీటీ అతికించుకోవచ్చు.

తూకం, కొసరు

ఇక ఆ మూడొందల సంగతి. మిషను వచ్చాక ఆవిడ రోజూ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూశారు. ఒకటి, పళ్ళాల్లోంచి వెళ్ళిన సరుకు. రెండవది, బిల్లుల్లో పడిన తూకం. పళ్ళాల్లోంచి 15 కేజీలు వెళితే బిల్లుల్లో 14 కేజీల 700 గ్రాములే కనిపించింది! తేడా కొసరు. "ఇంకొక్కటి వెయ్యండి అక్కగారూ" అని వచ్చినవాళ్ళు అడగడం, ఈవిడ నవ్వుతూ వేయడం. కేజీకి 20 గ్రాములే. కానీ 15 కేజీలకు 300 గ్రాములు. కేజీ 400 రూపాయల సరుకైతే రోజుకు 120 రూపాయలు, నెలకు 3,600 రూపాయలు.

మిగతాది? పాలవాడు వస్తే గల్లాలోంచి, కూరల బండి వస్తే గల్లాలోంచి తీసి ఇచ్చింది ఎక్కడా రాయలేదు. పక్కింటివాళ్ళు "తర్వాత ఇస్తాం" అని తీసుకెళ్ళిన పావుకేజీ సున్నుండలూ రాయలేదు. ఈ మూడూ కలిస్తే అటూ ఇటూగా ఆ మూడొందలే!

కొసరు మానేయమని కాదు. కొసరు లేని కొట్టు మనకు రుచించదు. దానికయ్యే ఖర్చును ధరలో ముందే కలుపుకోండి. ఇంటికి తీసిన డబ్బును "ఇంటి వాడకం" అని, అరువును కొన్నవాళ్ళ పేరు మీద వెంటనే ఎక్కించండి. మిషనులో ఇందుకు చోటు ఉంటుంది.

ఫోన్లో పడే డబ్బు

ఇప్పుడు బేరంలో పెద్ద భాగం గల్లాలోకి రావడం లేదు, యూపీఐ ద్వారా బ్యాంకుకు పోతోంది. బ్యాంకు ఖాతా నుంచి ఇలా వచ్చే డబ్బుకు 2020 జనవరి నుంచి దుకాణదారు రుసుము కట్టనక్కర్లేదు. గట్టిగా పలికే సౌండ్ బాక్సుకు అద్దె ఉంటే అది వేరు.

ఇక్కడ ఒక్క ప్రశ్న వేసుకోండి. కౌంటరు మీద అతికించిన ఆ క్యూఆర్ ఎవరి ఖాతాది? పొద్దుటినుంచి పొయ్యి దగ్గర, కౌంటరు దగ్గర నిలబడేది మీరు. డబ్బు పడేది మీవారి ఫోనులోనో, అబ్బాయి ఫోనులోనో అయితే, వచ్చిందో లేదో మీకు తెలిసేదెలా? కొట్టు పేరుతో ఒక ఖాతా, దాని సమాచారం మీ ఫోనుకు వచ్చే ఏర్పాటు ఉండాలి. మిషను పాస్‌వర్డ్ కూడా మీకు తెలియాలి. ఇది గొడవ పడి అడగవలసిన విషయం కాదు, మిషను కొనేరోజే కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం.

వచ్చినవాళ్ళు ఫోనులో చూపించే "డబ్బు పంపాం" అన్న బొమ్మను నమ్మవద్దు, మీకు వచ్చిందని మీ ఫోను చెప్పాలి. మీ క్యూఆర్ మీద ఎవరైనా వేరే స్టిక్కరు అతికించారేమో పొద్దునే చూసుకోండి. డబ్బు మనకు రావడానికి పిన్ నంబరు కొట్టే పని ఎప్పుడూ ఉండదు. ఎవరైనా కొట్టమన్నారంటే అది మోసమే.

బిల్లు మీద ఏముండాలి?

తినుబండారాలు అమ్మేవారు ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరును 2022 జనవరి 1 నుంచి బిల్లు మీద వేయాలి. మిషనులో ఒకసారి ఎక్కిస్తే ప్రతి బిల్లు మీదా అదే వస్తుంది.

జీఎస్టీ 2017 జులై 1న వచ్చింది. రిజిస్ట్రేషను లేనివారు బిల్లులో జీఎస్టీ వసూలు చేయకూడదు. కాంపొజిషన్ పథకంలో ఉన్నవారు కూడా కొన్నవారి దగ్గర పన్నును విడిగా తీసుకోకూడదు. మీరు ఏ కోవలోకి వస్తారో ఆడిటరును అడిగి, మిషనును ఆ ప్రకారమే పెట్టించండి. మిషనులో ఉంది కదా అని పన్ను గడిని నింపేయకండి.

రేట్లు మారితే మిషను దానంతట అది మారుతుందనుకోవద్దు. 2025 సెప్టెంబరు 22న నెయ్యి మీద పన్ను 12 నుంచి 5 శాతానికి, సబ్బులు, తలనూనె, టూత్‌పేస్టుల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. పట్టికలో దిద్దుకోని కొట్లలో పాత పన్నే పడుతుంది. అటువంటప్పుడు ఒక బిల్లు చేత్తో లెక్కేసి సరిచూసుకోవాలి.

రాత్రి పది నిముషాలు

ఎంత మంచి మిషనైనా రాత్రి ఈ లెక్క చూడకపోతే దండగే. ఉదాహరణకు: పొద్దున సొరుగులో పెట్టిన చిల్లర 1,000. నగదు అమ్మకాలు 6,400. పాత అరువు వసూలు 500. ఆటో, ఇంటి వాడకం ఖర్చులు 750. మొదటి మూడూ కూడి, ఖర్చు తీసేస్తే సొరుగులో 7,150 ఉండాలి. ఫోన్లో వచ్చిన డబ్బు ఇందులో కలపకూడదు. దాన్ని బ్యాంకు లెక్కతో విడిగా చూసుకోవాలి.

కౌంటరు దగ్గర ఇద్దరు నిలబడితే ఇద్దరికీ వేరు వేరు నంబర్లు ఇవ్వండి. బిల్లు రద్దు చేసే అధికారం మీ దగ్గరే ఉంచుకోండి. దీనివల్ల మీకే కాదు, పనిచేసే అమ్మాయికీ మేలు. రేపు లెక్క తేడా వస్తే ఆ అమ్మాయి తరఫున కాగితం మాట్లాడుతుంది.

కొనేముందు ఇవి అడగండి

* ధర ఒక్కసారేనా? ఏటా చందా కట్టాలా? కట్టకపోతే పాత లెక్కలు కనిపిస్తాయా?
* నెట్ లేకపోయినా, కరెంటు పోయినా బిల్లు వస్తుందా? బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది?
* నా సరుకుల పట్టికను, ఖాతాలను ఇంకో మిషనుకు మార్చుకోవచ్చా? రోజూ లెక్కల నకలు ఎక్కడ దాచాలి?
* తెలుగులో బిల్లు వస్తుందా? నోటిమాట చాలదు, అక్కడే ముద్రించి చూపమనండి.
* పాడైతే మన ఊరికి వచ్చి బాగుచేస్తారా?

ఒక చిన్న చిట్కా: ఈ ప్రింటర్లకు సిరా ఉండదు, కాగితం వేడికి నల్లబడుతుంది. రోలు పెట్టేటప్పుడు గోటితో గీసి చూడండి. గీత నల్లగా పడిన వైపే అచ్చు పడుతుంది. ఈ బిల్లులు పొయ్యి దగ్గర, ఎండలో పెడితే నల్లబడతాయి, కొన్నాళ్ళకు అక్షరాలు వెలిసిపోతాయి. మిక్సీ, గ్రైండరు వంటివాటి గ్యారంటీ బిల్లులను ఫోనులో ఫొటో తీసి, ఒక జెరాక్సు కూడా తీయించి దాచుకోండి.

చివరగా ఆ అమ్మాయి సంగతి. లెక్క తేలిన రోజు సాయంత్రమే ఆవిడ ఒక డబ్బాలో సున్నుండలు పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళారు. "తప్పు నాదే తల్లీ, మళ్ళీ రా" అన్నారు. అప్పటికే ఆ అమ్మాయి బజారులో బట్టల కొట్లో చేరింది. "మనసులో ఏమీ లేదు పిన్నిగారూ" అని మంచినీళ్ళిచ్చింది, కాసేపు కబుర్లు చెప్పింది. పనికి మాత్రం తిరిగి రాలేదు.

"మిషను రెండు నెలలు ముందు కొనవలసింది" అంటారావిడ ఇప్పటికీ. మీరు మిషను కొన్నా కొనకపోయినా, ఈ రాత్రికి ఒక నోటుబుక్కులో నాలుగు గీతలు గీసి లెక్క రాయడం మొదలుపెట్టండి. ఎవరినైనా ఒక మాట అనేముందు ఆ పేజీ ఒకసారి తిరగేసి చూడండి.