మూడేళ్ల ఆదివారాలు

1903 అక్టోబరు 31. న్యూయార్కులో అమెరికన్ మేథమెటికల్ సొసైటీ సమావేశం జరుగుతోంది. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫ్రాంక్ నెల్సన్ కోల్ వంతు వచ్చింది. ఆయన మాట్లాడకుండా బోర్డు దగ్గరికి వెళ్లి, అరవై ఏడు రెళ్లను వరసగా గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేశారు. 147573952589676412927 తేలింది. పక్కన ఖాళీ జాగాలో 193707721ని 761838257287తో గుణించారు. మళ్లీ అదే సంఖ్య! ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లి కూర్చున్నారు. సభంతా చప్పట్లు.

గణిత శాస్త్రజ్ఞుల చరిత్రలు రాసిన ఇ.టి. బెల్ చెప్పిన కథ ఇది. ఇందుకు ఎంతకాలం పట్టిందని తరువాత బెల్ అడిగితే, మూడేళ్ల ఆదివారాలు అన్నారట కోల్.

మన లెక్కలో ఆ సంఖ్య పద్నాలుగు లక్షల డెబ్బై అయిదు వేల కోట్ల కోట్ల పైచిలుకు. అయితే దాని గొప్పతనం పరిమాణంలో లేదు. 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి మతగురువు ఇది ప్రధాన సంఖ్య అని, అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడదని, తన జాబితాలో చేర్చాడు. 1876లో ల్యూకా అనే ఆయన అది తప్పని నిరూపించాడు. ఇది సంయుక్త సంఖ్యేనన్నాడు. కాని ఏ సంఖ్యల లబ్ధమో ఆయనకూ తెలియదు!

కారణాంకాలు దొరక్కుండానే ఉన్నాయని ఎలా తెలిసిందని మీరు అడగవచ్చు. నాబోటి కామర్సు వాడికి ఇందులో వింతేమీ కనబడదు. ట్రయల్ బ్యాలెన్సు కుదరకపోతే తప్పు ఉందని ఖాయంగా తెలుస్తుంది. ఏ లెడ్జరులో, ఏ పేజీలో ఉందో మాత్రం అది చెప్పదు. రాత్రి తొమ్మిదింటిదాకా వెతకవలసింది మనమే.

వెతకడానికి కొంత ఆధారం ఉంది. ఈ సంఖ్యకు కారణాంకం ఏదైనా సరే, 134 గుణిజానికి ఒకటి కలిపినట్టుగానే ఉండాలి. ఇది ఫెర్మా 1640లోనే గమనించిన నియమం. కావాలంటే 193707721లోంచి ఒకటి తీసి 134తో భాగించండి, 1445580 సరిగ్గా వస్తుంది. అంటే ఒకటొకటిగా ప్రయత్నించుకుంటూ పోతే పద్నాలుగు లక్షల నలభై అయిదు వేల అయిదు వందల ఎనభయ్యోసారి దొరుకుతుందన్నమాట. కోల్ ఇంకా తెలివైన పద్ధతులతో వడపోశారు గనుక ఆదివారాలతో సరిపోయింది. ఈనాటి మామూలు కంప్యూటరుకు ఇదంతా రెప్పపాటు పని.

గుణించడం తేలిక, విడగొట్టడం కష్టం. ఈ తేడా మీదే 1977లో ముగ్గురు శాస్త్రజ్ఞులు ఆర్.ఎస్.ఎ. అనే రహస్య లిపిని కట్టారు. ఆ ఏడాదే 129 అంకెల సంఖ్య ఒకటి ఇచ్చి, దాని కారణాంకాలు తెలిస్తేనే విప్పగల సందేశాన్ని చదివినవారికి వంద డాలర్లు బహుమతి అన్నారు. 1994లో దాదాపు ఆరు వందల మంది తమ కంప్యూటర్లను కలిపి ఎనిమిది నెలలు శ్రమించి దాన్ని విడగొట్టారు. 2020లో 250 అంకెల సంఖ్య కూడా విడిపోయింది. అందుకే ఇప్పుడు ఈ పద్ధతిలో సాధారణంగా 617 అంకెల సంఖ్యలు వాడుతున్నారు. ఒకప్పుడు మా స్ట్రాంగ్ రూముకు రెండు తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉండేవి. ఈ తాళానికీ చెవులు రెండే, ఆ రెండు ప్రధాన సంఖ్యలు. తాళం మాత్రం అందరికీ కనబడేలా వేలాడుతూనే ఉంటుంది.

కోల్ చేసిన గుణకారాన్ని మొన్నొక ఆదివారం నేనూ కాగితం మీద చేశాను. ఎక్కాలు ఇప్పటికీ నా నోట తెలుగులోనే పలుకుతాయి. తరువాత పాతకాలపు హెడ్ క్లర్కులు నేర్పినట్టు తొమ్మిదులు కొట్టేసి చూశాను. మొదటి సంఖ్య అంకెలు కూడితే 37, చివరికి 1. రెండోది 64, చివరికి 1. లబ్ధానికీ 1 రావాలి, వచ్చింది. తీరా కోల్ సంఖ్యతో పోల్చి చూస్తే నా జవాబు తప్పు! మధ్యలో 67ను 76గా దించాను. అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిది గుణిజమే కనుక తొమ్మిదుల పరీక్ష దాన్ని పట్టుకోలేదు. ముప్ఫై ఏళ్లు లెడ్జర్లు చూసినవాడికి ఇది తెలియనిది కాదు. అయినా మా ఆవిడను పిలిచి చూపించింది మాత్రం రెండోసారి చేసిన కాగితమే.