రేగడి చేని ఎలుక

కర్నూలు జిల్లా పశ్చిమ భాగాన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో నల్లరేగడి నేలలు విస్తారంగా ఉన్నాయి. ఈ నేల తడిసినప్పుడు ఉబ్బుతుంది. ఎండినప్పుడు కుంచించుకొని లోతైన నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెలే ఒక చిన్న ప్రాణికి వేసవి నివాసాలు. అది మెత్తని బొచ్చుగల పొలపు ఎలుక. శాస్త్రజ్ఞులు దీనిని ‘మిల్లార్డియా మెల్టాడా’ అని వ్యవహరిస్తారు.

దీని దేహం సుమారు 12 నుండి 15 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. వీపు బూడిద కలిసిన గోధుమవన్నె, ఉదరం తెలుపు. పగలు దాగి, రాత్రివేళ ఆహారం వెదకుతుంది. గింజలు, లేత మొలకలు, కీటకాలు దీని ఆహారం. ఎలుక జాతి జీవులన్నిటికీ ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. కనుక కొరకడం వాటికి దుర్గుణం కాదు, జీవనావసరం.

పందికొక్కువలె పెద్ద కలుగులు త్రవ్వే నేర్పు దీనికి లేదు. పొద మొదట చిన్న బొరియ, చేనిలోని రాళ్లకుప్ప, పందికొక్కు విడిచిన కలుగు, నేల నెర్రె – ఏది దొరికితే అదే ఇల్లు. పందికొక్కు అనే మన పదమే ఆంగ్లంలో ‘బాండికూట్’ అయింది. ఈ ఎలుకను వడ్డెరలు ‘మెత్తడ’ అంటారని వాల్టర్ ఇలియట్ 1839 నాటి తన జంతు పట్టికలో నమోదు చేశాడు.

నెర్రెలోని ఇల్లు సురక్షితం కాదు. తొలకరి వానకు నేల ఉబ్బి నెర్రెలు పూడుకుపోతాయి. వాటితోపాటు అనేక ఎలుకలు నశిస్తాయి. ఆ విధంగా విత్తే వేళకు వానయే రైతుకు కావలి కాస్తుంది. తొలకరి తప్పితే ఆ కావలి కూడా తప్పుతుంది. తుంగభద్రకు ఆవల ధార్వాడ ప్రాంతంలో 1826లో జరిగినది ఇదే. ఆ ఏడు తొలివానలు చాలక ఎలుకలు విపరీతంగా పెరిగాయి. విత్తిన గింజలను తిన్నాయి. జొన్న దంట్లు ఎక్కి కంకులు కొరికాయి. రైతులు ధాన్యం కొలిచి ఇచ్చి వాటిని వేలకొలది చంపించినా సంఖ్య తగ్గినట్లు కనిపించలేదని ఇలియట్ వ్రాశాడు.

కరవు సీమ రైతుకు ఇందులో ఒక హెచ్చరిక ఉంది. వాన మన చేతిలో లేదు. కాని ఎలుకలను వేటాడే గుడ్లగూబను అపశకునమని తరమకుండడం, జెర్రిపోతును కనబడగానే చంపకుండడం మన చేతిలోనివే. వాన రాని ఏట చేనికి మిగిలే కావలివారు అవే.

ప్రశ్నలు
1. తొలకరి వాన రైతుకు ఏ విధంగా కావలి కాస్తుంది?
2. పొలపు ఎలుక నివాసాలను వివరించండి.