ప్లాస్మా దానము – పెదవుల తిమ్మిరి

2020 సెప్టెంబరులో మా మేనల్లుడు, కోవిడ్ నుండి కోలుకొన్న పిమ్మట, మరొక రోగి కొరకు ప్లాస్మా ఇచ్చి వచ్చినాడు. "సూది పెట్టి ఉండగా పెదవులు తిమ్మిరెక్కాయి మామయ్యా, వేళ్ళ చివర చీమలు పాకినట్లయింది" అని నవ్వుతూ చెప్పినాడు. వాని తల్లి, అనగా నా చెల్లెలు, నవ్వలేదు. మా నాన్నగారికి పక్షవాతము మొదలైనది పెదవి తిమ్మిరితోనే. "అన్నయ్యా, వీడి నాడి చూడు" అన్నది. చూచినాను, బాగుగనే ఉన్నది. కాని ఆ తిమ్మిరికి కారణము నాకు ఆనాడు తెలియదు. తరువాత తెలుసుకొన్నదే ఇచట వ్రాయుచున్నాను.

రక్తములో సుమారు 55 శాతము లేత పసుపు రంగు ద్రవముండును. అదియే ప్లాస్మా. అందులో నూటికి 90 పాళ్ళకు పైగా నీరే. మిగిలినవి మాంసకృత్తులు, వ్యాధినిరోధక పదార్థములు, రక్తమును గడ్డకట్టించు పదార్థములు, లవణములు. మన గ్రంథములలోని రసధాతువు ఇదేనని కొందరు వైద్యమిత్రులు చెప్పుదురు. ఆ పోలిక కొంతవరకే నిలుచునని నా అభిప్రాయము.

దాత రక్తము యంత్రములోనికి పోగా, యంత్రము ప్లాస్మాను వేరుచేసి ఎర్రకణములను తిరిగి శరీరములోనికి పంపును. మార్గమధ్యమున రక్తము గడ్డకట్టకుండుటకు సిట్రేటు అను ద్రావణమును కలుపుదురు. అందులో కొంత ఎర్రకణములతో పాటు శరీరములోనికి వచ్చి, రక్తములోని కాల్షియమును బంధించును. అందువలననే ఆ తిమ్మిరి. కొందరికి చలి పుట్టును, నోట లోహపు రుచి తగులును. యంత్రపు వేగము తగ్గించి కాల్షియం మాత్ర ఇచ్చినచో చాలామందికి త్వరలోనే సర్దుకొనును. మా వాడు సిగ్గుపడి నర్సుకు చెప్పలేదు. అది పెద్ద పొరపాటు. ఉపేక్షించినచో కండరములు బిగిసిపోవచ్చును, అరుదుగా గుండె లయ కూడ చెదరవచ్చును.

ఖాళీ కడుపుతో వెళ్ళినవారికి, భయపడినవారికి, ఇచ్చిన వెంటనే లేచి నిలుచున్నవారికి కళ్ళు తిరుగును. సూది గుచ్చిన చోట కొందరికి కమిలి నల్లబడును. మన ఇండ్లలో పెద్దలు వెంటనే పసుపు, సున్నము కలిపి పట్టు వేయుదురు, లేదా వేడి నూనెతో మర్దన చేయుదురు. సూదిపోటు మీద ఈ రెండును తగవు. సున్నము చర్మమును కాల్చును. మర్దనతో లోపల రక్తము మరింత ఊరును. మొదటి రోజు చల్లని తడిగుడ్డ, మరునాటి నుండి గోరువెచ్చని కాపడము చాలును. చేయి జివ్వుమని లాగుచున్నచో నరమునకు దెబ్బ తగిలియుండవచ్చును, వైద్యునికి చూపవలెను.

జబ్బులు అంటునా అని అడుగువారు ఎందరో. 1990వ దశకములో చైనాలోని హెనాన్ రాష్ట్రమున ప్లాస్మా అమ్ముకొన్న పేద రైతులకు, పలువురి ఎర్రకణములను కలిపి తిరిగి ఎక్కించుటచే హెచ్.ఐ.వి. సోకినది. నేడు ఒక్కొక్క దాతకు ఒక్కొక్క కొత్త కిట్టు వాడి పారవేయుదురు. దానిని మీ ఎదుటనే విప్పుమని అడుగుటకు సంకోచింపవలదు. మన దేశమున 1998 జనవరి 1 నుండి డబ్బుకు రక్తము అమ్ముట నిషిద్ధము.

మన నియమముల ప్రకారము యంత్రము ద్వారా ఇచ్చు దాతకు 18 నుండి 60 ఏండ్ల వయస్సు, 50 కిలోల బరువు, 12.5 గ్రాముల హీమోగ్లోబిన్ ఉండవలెను. రెండు దానముల నడుమ కనీసము 48 గంటలు; వారమునకు రెండు, ఏడాదికి 24 మించరాదు. మామూలు రక్తదానము చేసినవారు 28 రోజులు ఆగవలెను. నియమము ఇంత అనుమతించినను, అంత తరచుగా ఇచ్చుట నాకు సమ్మతము కాదు. నీరు ఒకటి రెండు రోజులలో భర్తీ అగును గాని, మాంసకృత్తులకు అంతకంటె ఎక్కువ కాలము పట్టును.

ముందు రోజు మజ్జిగ బాగా త్రాగవలెను. రాగి జావ, నువ్వులుండలు మంచివే. అయితే అవి కాల్షియం మాత్రకు ప్రత్యామ్నాయములు కావు. ఉపవాసమున్న రోజున వెళ్ళరాదు. వాడుచున్న మందులన్నియు, మన చూర్ణములు లేహ్యములతో సహా, అచటి వైద్యునికి చెప్పవలెను.

39 ఆస్పత్రులలో 464 మందిపై జరిగిన ఐ.సి.ఎం.ఆర్. పరిశోధనలో ఈ ప్లాస్మా వలన కోవిడ్ మరణములు తగ్గలేదని తేలినది. 2021 మే నెలలో ఆ చికిత్సను మార్గదర్శకముల నుండి తొలగించినారు. మా వాడు ఆ వార్త చదివి చిన్నబుచ్చుకొన్నాడు. హీమోఫిలియా రోగులకు కావలసిన మందులు, ఆల్బుమిన్ మొదలగునవి నేటికిని ప్లాస్మా నుండి తయారగుచున్నవని చెప్పితిని.

"మళ్ళీ పిలుపు వస్తే పంపమంటావా అన్నయ్యా?" అని చెల్లెలు అడిగినది. పంపుము, ఈసారి తిమ్మిరెక్కగానే నోరు విప్పి చెప్పమని మాత్రము చెప్పి పంపుము అన్నాను.