బొల్లారం: దక్కను బండలపై ఒక ఆంగ్ల గ్రామం

ఇంగ్లండులోని పల్లె అనగానే మన విద్యార్థుల మనస్సులో ఒక చిత్రం మెదలుతుంది. చెట్ల నీడన చిన్న చర్చి, దాని పక్కన సమాధుల తోట, కొంచెం ఎడంగా ఒక దొరగారి భవనం, ఆ చెంత పచ్చిక బయలు. ఈ చిత్రాన్ని చూడడానికి ఓడ ఎక్కి సముద్రాలు దాటవలసిన పని లేదు. సికింద్రాబాదు నుండి కరీంనగరు బాటను ఉత్తరంగా నాలుగైదు క్రోసులు కూడా పోనక్కరలేదు. తిరుమలగిరి, లోతుకుంట దాటితే బొల్లారం వస్తుంది.

ముందుగా నేల సంగతి. ఇది సముద్రమట్టానికి సుమారు 1,900 అడుగుల ఎత్తున ఉన్న దక్కను పీఠభూమి. నేల అడుగున అంతా నల్లరాతి పొరయే. దాని పైభాగం యుగయుగాలుగా ఎండకు, వానకు పగిలి, ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే గుండ్లుగా మిగిలింది. రాతినేలలో నీరు ఇంకదు. కనుకనే మన పూర్వులు పల్లమున్న చోటనెల్లా కట్ట వేసి చెరువులు, కుంటలు నిలిపారు. లోతుకుంట అన్న పేరే అందుకు సాక్ష్యం. దొరల నాలుకపై తిరుమలగిరి ‘ట్రిమల్‌గెర్రీ’గా మారిపోయినది గాని, కుంటపేరు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక చరిత్ర. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. కంపెనీ దండు విడిసిన చోటు 1806లో సికందర్ జా పేరిట సికింద్రాబాదు అయినది. ఇది గాక, నిజాం ఖర్చుతో ఆంగ్ల అధికారుల కింద నడిచే మరొక సైన్యం ఏర్పడింది. అదే హైదరాబాదు కంటింజెంటు. దాని స్థావరమే బొల్లారం. ఆ సైన్యపు ఖర్చు కిందనే 1853లో బేరారు సీమ నిజాం చేయి జారింది. 1847లో ఇక్కడ హోలీ ట్రినిటీ చర్చి వెలసింది. విక్టోరియా రాణి తన సొంత సొమ్ము అందుకు విరాళమిచ్చిందని చెబుతారు. 1860లో రెసిడెంటుగారి విడిదిభవనం లేచింది.

ఆంగ్ల గ్రామాన్ని నిర్మించడం సులభమే. అందులో ఆంగ్ల నిశ్శబ్దాన్ని నిలపడం సులభం కాదు. 1855 సెప్టెంబరులో మొహరం పండుగ వచ్చింది. ఆదివారంనాడు ఊరేగింపులు కూడవని సేనాధిపతి బ్రిగేడియర్ కాలిన్ మెకంజీ ఆజ్ఞ ఇచ్చాడు. ఆజ్ఞను కొంత సడలించినా ఊరేగింపు ఆయన బంగళా ముందరికే వచ్చింది. ఆయన స్వయంగా అడ్డుపడి జెండాలు లాగుకొన్నాడు. ఆగ్రహించిన ఆశ్వికులు ఆయనను తీవ్రంగా గాయపరిచారు. ఆయన బ్రతికి బయటపడ్డాడు. పరుల పండుగను గౌరవించలేని అధికారం ఎంత బలహీనమో, 1857కు రెండేండ్ల ముందుగానే బొల్లారం చెప్పింది. వినవలసినవారు విన్నట్లు లేదు.

కాలం మారింది. స్వాతంత్ర్యానంతరం ఆ విడిదిభవనం రాష్ట్రపతి నిలయమైనది. సుమారు 90 ఎకరాల తోట నడుమ ఉన్న ఒంటి అంతస్తు కట్టడమది. వంటయింటి నుండి భోజనశాలకు నేలమాళిగ దారి ఉండడం అందులోని విశేషం. 1983 నవంబరు 20న రెండవ ఎలిజబెత్ రాణి తన 36వ వివాహ దినాన ఇక్కడి చర్చిలో ప్రార్థన చేసింది. 2023 నుండి నిలయం తలుపులు సంవత్సరం పొడుగునా సామాన్య ప్రజలకు తెరచియున్నవి. ఒకనాడు కావలివాడు అడ్డగించిన ద్వారం గుండా నేడు బడిపిల్లలు బారులు తీరి పోతున్నారు.

ఉపాధ్యాయులకు ఒక్క మనవి. పిల్లలను అక్కడికి తీసుకొని పోయినప్పుడు భవనాన్ని మాత్రమే చూపి మరలకండి. ఆ రాయిని ఏ చేతులు చెక్కాయి, ఆ తోటకు ఏ భుజాలు నీరు మోశాయి అని అడగండి. దొరల పేర్లు ఫలకాలపై నిలిచాయి. ఈ పేర్లు ఎక్కడా నిలవలేదు. ఆ ఖాళీని గుర్తించిన విద్యార్థి, తన ఊరి చరిత్రను వ్రాయడానికి అర్హుడైనట్లే.