చేతులు కరువైన రాజ్యము

నాట్ల వేళ కూలీలు దొరకకపోతే "ఇంత కూలి ఇవ్వాలా?" అని మనము గొణుగుతాము. ఒకప్పుడు ఒక రాజ్యము ఆ గొణుగుడునే చట్టముగా వ్రాసింది.

1348లో ఇంగ్లండులో ప్లేగు ప్రవేశించింది. రెండేళ్లలోనే ప్రజలలో మూడో వంతు నుండి సగము వరకు రాలిపోయారు. భూమి అంతే ఉంది. దున్నే చేతులు తగ్గాయి. మిగిలిన కూలీలు హెచ్చు కూలి అడిగారు. రాజు మూడవ ఎడ్వర్డు 1349లో ఆజ్ఞ ఇచ్చాడు. 1351లో పార్లమెంటు చట్టము చేసింది. తెగులుకు మునుపటి కూలికే పని చేయాలన్నారు. మీరినవారికి శిక్ష. అయినా పంట పోతుందని భూస్వాములే చాటుగా ఎక్కువ ఇచ్చారు.

జనము తగ్గితే పన్ను కట్టేవారూ తగ్గుతారు. ఫ్రాన్సుతో యుద్ధపు ఖర్చులకని 1377 నుండి మూడు మార్లు తలపన్ను వేశారు. 1381లో పల్లెలు తిరుగబడ్డాయి. తిరుగుబాటును అణచివేశారు గాని, తరువాతి నూరేళ్లలో భూస్వాములు పొలాలు కౌలుకిచ్చారు, కొన్నిటిని గొర్రెల బీళ్లు చేశారు. వెట్టి చాలావరకు అంతరించింది.

ప్రియ పాఠకులారా, మరణము మేలు చేసిందని మేము అనుట లేదు. అంతమంది పోతే గాని కూలివాని విలువ దొరలకు తెలియలేదు. మనము అంతవరకు ఆగవద్దు. పొద్దు గుంకక మునుపే న్యాయమైన కూలి చేతిలో పెడదాము.