మీకు తెలుసా? మూతి వంకర పోయిందంటే ప్రతిసారీ మెదడు పక్షవాతమే కాదు

పొద్దున్నే పుక్కిలిస్తుంటే నీళ్లు ఒక పక్క నుంచి కారిపోతాయి. అద్దంలో చూసుకుంటే మూతి వంకర, ఆ వైపు కన్ను మూతపడదు. చాలామందిలో ఇది బెల్స్ పాల్సీ. ముఖ కండరాలను కదిలించే ఏడో కపాల నాడి చెవి దగ్గర ఇరుకైన ఎముక గొట్టంలోంచి వస్తుంది. అక్కడ వాచిందంటే నలిగిపోతుంది. నాలుక ముందు భాగం రుచిని చేరవేసేదీ ఈ నాడే. చెవిలో పెద్ద శబ్దాలను తగ్గించే చిన్న కండరాన్ని నడిపేదీ ఇదే. అందుకే కొందరికి కూర చప్పగా తోస్తుంది, గిన్నెల మోత కూడా భరించలేరు. 1821లో ఈ నాడిని వివరించిన స్కాట్లాండ్ వైద్యుడు చార్లెస్ బెల్ పేరే జబ్బుకు వచ్చింది.

డాక్టర్లు ముందుగా కనుబొమలు ఎత్తమంటారు. బెల్స్ పాల్సీలో ఆ వైపు నుదురు కూడా కదలదు. మెదడు పక్షవాతంలో సాధారణంగా కదులుతుంది. ఈ తేడాను ఇంట్లో తేల్చుకోవడం మాత్రం ప్రమాదం. చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

స్టెరాయిడ్ మాత్రలు 72 గంటల్లోపు మొదలుపెడితేనే మేలు ఎక్కువ. ఎక్కువమంది కొన్ని వారాల నుంచి నెలల్లో కోలుకుంటారు. అంతవరకు కన్ను ఎండిపోకుండా చుక్కలు వేయండి, రాత్రి రెప్ప మూసి టేపు అంటించండి. నాటు వైద్యం, తాయెత్తులంటూ ఆ మూడు రోజులూ పోగొట్టుకోకండి.