యంత్రం గొంతు, మనిషి వేళ్ళు

2007 ఆగస్టు 31న జపానులోని సప్పోరో నగరానికి చెందిన క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా సంస్థ హాత్సునే మికు అనే పాడే సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసింది. దానికి పదహారేళ్ళ అమ్మాయి రూపాన్నిచ్చి, 158 సెంటీమీటర్ల ఎత్తు అని కూడా నిర్ణయించారు. ఆ వివరాల మధ్య, ఎవరూ అంతగా పట్టించుకోని ఒక సాంకేతిక సూచన ఉంది: ఈ గొంతుకు అనువైన వేగం నిమిషానికి 70 నుంచి 150 బీట్లు. కొద్ది నెలలు తిరగకుండానే, కాస్మో బోసో-పి అనే కలంపేరుగల స్వరకర్త నికోనికో దోగా అనే వీడియో వేదికపై ఆమె చేత 240 బీట్ల వేగంతో ఒక పాట పాడించాడు. దాని పేరు 'హాత్సునే మికు నో షోషిత్సు', అంటే హాత్సునే మికు అంతర్ధానం. 2008లో వచ్చిన దాని నిడివైన రూపమే ఇప్పుడు ఎక్కువమందికి తెలిసినది.

పాట ఇతివృత్తాన్ని పక్కన పెట్టి వేగాన్ని గురించి మాట్లాడితే అది వట్టి విన్యాసంలా కనిపిస్తుంది. ఇందులో పాడేది మనిషి కాదు, తాను మనిషికి అనుకరణ మాత్రమేనని తెలిసిన ఒక ప్రోగ్రాము. అది తొలగింపుకు గురవుతోంది. ఉన్న కాస్త సమయంలో చెప్పవలసినదంతా చెప్పేయాలన్న ఆరాటంతో మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. చివరికి వీడ్కోలు చెప్పి, కంప్యూటరు మొరాయించిందన్న సూచనతో పాట ముగుస్తుంది. ఇక్కడ వేగం అర్థంలోనే భాగం. నిదానంగా పాడితే ఈ పాట చచ్చిపోతుంది.

నిమిషానికి 240 బీట్లంటే సెకనుకు నాలుగు. అర బీటుకొక అక్షరం పలికినా సెకనుకు ఎనిమిది అక్షరాలు. జపాను భాషలో పాటకు కొలమానం 'మోరా'. మన ఛందస్సులోని మాత్రకు ఇది చాలా దగ్గరి బంధువు. హ్రస్వాక్షరం ఒక మోరా, దీర్ఘం రెండు, పదాంతంలోని నకారపొల్లు కూడా తనంతట తానే ఒక మోరా. ఒక్కో స్వరానికి ఒక్కో మోరా కూర్చడం అక్కడి పాటల్లో సాధారణ పద్ధతి. కనుక రాగం పరుగెత్తితే నోరూ దాని వెంట పరుగెత్తక తప్పదు.

వేగంగా పలకడం మనకు కొత్త కాదు. మృదంగ విద్వాంసులు నోటితో చెప్పే కొన్నక్కోల్ ఇంతకంటే వేగంగానూ సాగుతుంది. కానీ ఆ సొల్లుకట్లు నాలుక సౌకర్యాన్ని చూసుకుని ఏర్పడినవి. 'తక' అన్నప్పుడు 'త'కు నాలుక కొన, 'క'కు నాలుక వెనుక భాగం పనిచేస్తాయి. ఒకటి పనిచేసేటప్పుడు రెండవది విశ్రాంతి తీసుకుంటుంది. అర్థవంతమైన వాక్యానికి ఈ వెసులుబాటు లేదు. కవి రాసిన మాటలో ఏ హల్లు వస్తే దాన్ని పలకవలసిందే.

యంత్రానికి నాలుక లేదు. యమహా సంస్థ వారి వోకలాయిడ్ పరిజ్ఞానం మీద నిర్మించిన మికు గొంతులో ఉన్నవి ఫుజితా సాకి అనే నటి కంఠం నుంచి రికార్డు చేసిన చిన్న చిన్న ధ్వని ముక్కలు. హల్లు నుంచి అచ్చుకు, అచ్చు నుంచి హల్లుకు మారే సంధి ఘట్టాలను ప్రోగ్రాము అతికించుకుంటూ పోతుంది. అందులో గమనించదగ్గ నియమం ఒకటుంది: స్వరం మొదలయ్యే క్షణానికి సరిగ్గా అచ్చు మొదలు కావాలి. 'స' అనే అక్షరంలో 'స్' అన్న ఊపిరి చప్పుడు బీటు కంటే ముందే వినిపిస్తుంది. అకారం మాత్రమే బీటు మీద పడుతుంది. మంచి గాయకులు తెలియకుండానే చేసే పని ఇదే. ప్రోగ్రాముకు మాత్రం దాన్ని నేర్పవలసి వచ్చింది. వేగం పెరిగేకొద్దీ ఈ అచ్చులు కుంచించుకుపోయి, హల్లుల గలగల మిగులుతుంది. మాట మసకబారుతుంది, లయ నిలుస్తుంది.

2010లో సెగా సంస్థ ఈ పాటల కోసం 'ప్రాజెక్ట్ డీవా ఆర్కేడ్' అనే యంత్రాన్ని జపాను ఆటశాలల్లో పెట్టింది. నిలువెత్తు తెర ముందు వరుసగా నాలుగు వెడల్పాటి మీటలు: త్రికోణం, చదరం, ఇంటూ గుర్తు, వృత్తం. తెర మీద అక్కడొకటి ఇక్కడొకటి లక్ష్యాలు కనబడతాయి. రంగు గుర్తులు ఎగిరివచ్చి వాటిలో ఒదిగే క్షణంలో మీట నొక్కాలి. క్షణం తప్పితే మార్కులు తగ్గుతాయి, మరీ తప్పితే పాట మధ్యలోనే ఆగిపోతుంది. ఏ క్షణంలో ఏ మీట అన్న ఆ లిఖితాన్నే చార్టు అంటారు. జపాను ఆటగాళ్ళ మాట 'ఫుమెన్'. సంగీతం రాసిన పుటకూ వారు అదే మాట వాడతారు.

ఇటువంటి ఆటలు చాలావాటిలో వేళ్ళు డ్రమ్మునో పియానోనో అనుసరిస్తాయి. డీవాలో చార్టు ఎక్కువగా గొంతునే అనుసరిస్తుంది. పాడేవారు ఆగిన చోట మాత్రమే వాద్యాల వైపు తిరుగుతుంది. ఈ ఒక్క నిర్ణయంతో చార్టు రాసేవాడు వ్యాఖ్యాత అవుతాడు. పాటలకు ఈజీ మొదలుకొని ఎక్స్‌ట్రీమ్ దాకా వేర్వేరు చార్టులుంటాయి. పద్యానికి తాత్పర్యం రాసేవారు ముఖ్యమైన మాటలు ఏరుకుని మిగిలినవి వదిలేసినట్టు, ఈజీ చార్టు పాదానికి కొన్ని అక్షరాలనే ఎంచుకుంటుంది. ఎక్స్‌ట్రీమ్ ప్రతిపదార్థం లాంటిది, సాధ్యమైనంతవరకు దేనినీ వదలదు. పండితులు ప్రతిపదార్థానికే పెద్దపీట వేస్తారు గాని, దేన్ని వదలాలో తెలియాలి గనుక తాత్పర్యం రాయడమే కష్టం. ఆట విషయంలోనూ ఇది నిజమేననిపిస్తుంది. ఈజీ చార్టు ఒక పాటలో ఏ అక్షరాల మీద మీట వేసిందో చూస్తే, రాసినవాడు ఆ పాటను ఎలా విన్నాడో తెలుస్తుంది.

'అంతర్ధానం' వంటి పాటలో కఠినమైన చార్టుకు ఎదురయ్యే చిక్కు వేరు. సెకనుకు ఎనిమిది గుర్తులంటే ఒక్కోదానికి మధ్య 125 మిల్లీసెకన్ల వ్యవధి. సెకనుకు 60 చిత్రాలు చూపే తెర మీద అది ఏడున్నర చిత్రాల కాలం. ప్రతి గుర్తునూ విడిగా చూసి, గుర్తుపట్టి, నొక్కడానికి అది చాలదు. అందుకని వేగవంతమైన చోట్ల ఒకే గుర్తును వరుసగా పేర్చి, స్వరమో మాటో మారినప్పుడు గుర్తు మార్చడం ఈ చార్టుల్లో తరచుగా కనిపించే ఉపాయం. మీటలు వెడల్పుగా ఉన్నాయి కాబట్టి ఆటగాడు రెండు చేతులనూ ఒకే మీట మీద ఉంచి కుడి, ఎడమ, కుడి, ఎడమ అని మార్చి మార్చి కొడతాడు. ఒక్కో చేతికి సెకనుకు నాలుగే దెబ్బలు. 'తక'లో నాలుక కొనకూ వెనుకకూ మధ్య జరిగిన పని పంపకమే ఇక్కడ చేతుల మధ్య జరుగుతుంది. కవి మాటల్లో నోటికి దొరకని సౌకర్యం చేతులకు దొరికింది.

చేతులు అందుకునేది, పైన చెప్పిన నియమం వల్ల, అక్షరంలోని అచ్చును. హల్లు అప్పటికే చెవిన పడి ఉంటుంది. అలవాటైన ఆటగాడికి ఆ హల్లే ముందస్తు సూచనగా పనిచేస్తుందని ఊహించవచ్చు. ఏ అక్షరం వస్తున్నదో తెలియకపోయినా, వస్తున్నదని తెలుస్తుంది. జపాను భాష రానివారు సైతం ఈ చార్టులను చక్కగా ఆడటంలో ఆశ్చర్యపడవలసినది లేదు. పాడటానికి మాటలు రావాలి, కొట్టడానికి మాటల అంచులు తెలిస్తే చాలు.

మనుషులు ఈ పాటను పాడనూ పాడారు. పాడి చూశాం అన్న అర్థం వచ్చే శీర్షికతో నికోనికోలో ఒక వర్గమే ఉంది. ఆ వర్గంలో ఈ పాటను ప్రయత్నించిన ఔత్సాహికులకు కొరత లేదు. వారికి ఎదురయ్యే మొదటి శత్రువు నాలుక కాదు, ఊపిరి. స్వరకర్త శ్వాసకు చోటు వదలలేదు, వదలవలసిన అవసరం మికుకు లేదు. గాయకుడు ఎక్కడో ఒక అక్షరాన్ని మింగి గాలి పీల్చుకోవాలి. ఆ మింగిన చోట మనిషి దొరికిపోతాడు. ఈ పాట విషయంలో అది లోపమని అనడం కష్టం: మనిషిని కానని బాధపడే గొంతుకు మనిషి ఊపిరి తోడైతే పాట అర్థమే కొంత మారుతుంది.

జపాను దాటి ఉన్నవారికి ఆ యంత్రం సులభంగా దొరకదు. 2017లో 'ఫ్యూచర్ టోన్' అన్న పేరుతో ప్లేస్టేషన్ 4 కోసం ఇతర దేశాలకూ వచ్చిన ఆటలో ఈ పాట ఉంది. అయితే చేతిలో పట్టుకునే కంట్రోలరు మీద ఆ వెడల్పాటి మీటలుండవు. అరచేతులు చేసిన పని బొటనవేళ్ళకు అప్పగించాలి. గుర్తుల మీటలు కుడివైపూ దిక్కుల మీటలు ఎడమవైపూ ఉంటాయి, రెండూ ఒకే గుర్తుకు పనిచేస్తాయి. కాబట్టి కుడి, ఎడమల పంపకం అక్కడా సాధ్యమే, కానీ దెబ్బ బరువు పోతుంది. ఆటశాలలో ఈ పాట ఆడుతున్నవారి పక్కన నిలబడితే, మికు గొంతు మీదుగా మీటల టపటప కూడా వినబడుతుంది. సోఫాలో కూర్చుని బొటనవేళ్ళతో ఆడేవారికి ఆ రెండో తాళం వినిపించదు.